పంక్చరు వేయకుండా గాలి కొడితే నిలుస్తుందా? ఏసీ చల్లబరచకపోతే ముందు చూడవలసినవి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది పెద్దల మాట. పల్నాడులో ఆ మాట అబద్ధం కాదు. రాష్ట్రంలో ఎండలు ముదిరాయనగానే అందరి నోటా ముందు వచ్చే పేర్లలో రెంటచింతల ఒకటి. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా చల్లారదు. ఒకప్పుడు ఈ ఊళ్లలో వాకిట్లో నీళ్లు చల్లుకుని, నులక మంచాలు వాల్చుకుని పడుకునేవారు. తర్వాత కూలర్లు వచ్చాయి. ఇప్పుడు మిర్చికి ధర పలికిన ఏడాది ఏసీలు కొంటున్నారు. ఇంట్లో ముసలివాళ్లో, పసిపిల్లలో, జబ్బుతో మంచాన పడినవాళ్లో ఉంటే అది సోకు కాదు, అవసరం.

కొనేటప్పుడు వాయిదాలు కట్టుకుని ఎలాగో కొంటున్నారు. చిక్కంతా అది చల్లబరచడం మానేసినప్పుడే వస్తున్నది. పట్నం నుంచి మెకానిక్కు రావాలి. వచ్చినవాడు గదిలోకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి గాలి చూసి, "గ్యాస్ అయిపోయిందండీ, ఎక్కించాలి" అంటాడు. రెండు మూడు వేల రూపాయలు చేతిలో పడతాయి. నాలుగు రోజులు చల్లగా ఉంటుంది. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఖర్చు. ఏటా గ్యాస్ పట్టించడం ట్రాక్టరుకు ఆయిలు మార్చినంత మామూలు పని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది నిజం కాదు.

గ్యాస్ ఖర్చయ్యేది కాదు

ఏసీ చలిని పుట్టించదు. గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. ఆ మోతకూలీ పేరే గ్యాస్. గదిలో ఉన్న పెట్టెలోని రాగి గొట్టాల్లో అది ఆవిరిగా మారుతూ వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలో ఉన్న కంప్రెసరు దాన్ని నొక్కి పంపితే, అక్కడి ఫ్యాను గాలికి ఆ వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. తిరిగి గదిలోకి వస్తుంది. ఈ తిరుగుడంతా మూసిన గొట్టాల్లోనే.

ట్రాక్టరులో డీజిలు మండి ఖర్చవుతుంది. ఏసీలో గ్యాస్ మండదు, అరగదు, పాతబడదు. సైకిలు ట్యూబులో గాలి వంటిది. ట్యూబు బాగుంటే గాలి ఉంటుంది. గాలి దిగిపోయిందంటే ఎక్కడో చిల్లి పడినట్లే. పంక్చరు వేయకుండా గాలి కొట్టి పంపే షాపువాడిని ఎవరూ మెచ్చుకోరు. ఏసీ విషయంలో మాత్రం అదే పనికి ఏటా డబ్బు ఇస్తున్నారు.

ఏసీ బాగా చల్లబరచకపోతే గ్యాస్ ఒక్కటే కారణం అనుకోకూడదు. దుమ్ము, తక్కువ ఓల్టేజి, కెపాసిటరు, గది వేడి ఇవన్నీ ఆ వరుసలో ముందే ఉంటాయి. వీటిలో కొన్నిటిని ఇంటివారే చూసుకోవచ్చు.

మెకానిక్కును పిలిచేముందు

మొదట రిమోటు చూడాలి. పిల్లలు నొక్కితే ఫ్యాను గుర్తు మీదో, తేమ తగ్గించే గుర్తు మీదో ఉండిపోతుంది. మంచు గుర్తు ఉండే కూల్ మీద పెట్టి, 24 డిగ్రీలకు దించి చూడాలి.

రెండోది జాలీ. గదిలోని పెట్టె మూత పైకెత్తితే రెండు ప్లాస్టిక్ జాలీలు బయటికి వస్తాయి. గాలి వాటి గుండానే లోపలికి పోవాలి. పల్నాడులో దుమ్ముకు కొదవ లేదు. మిర్చి కల్లాలు, పత్తి నూగు, మట్టి రోడ్లు సరేసరి. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నం బట్టీల పొడి ఉండనే ఉంది. ఈ దుమ్మంతా జాలీకి దుప్పటిలా పడుతుంది. కరెంటు స్విచ్చి ఆపి, జాలీలు తీసి కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి మళ్లీ బిగించాలి. వేసవిలో పదిహేను రోజులకొకసారి ఈ పని చేసుకోవాలి. ఖర్చు పైసా లేదు.

మూడోది బయటి పెట్టె. దాని వెనుక సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి. వాటి మధ్య దుమ్ము, పత్తి నూగు, పక్షి గూళ్లు చేరితే వేడి బయటికి పోదు. బయటి పెట్టెను ఇరుకు సందులో పెట్టినా, ముందు గోడ అడ్డం ఉన్నా, ఎండకని చుట్టూ గోనె పట్టాలు కట్టినా అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నీడ ఉండాలి గాని గాలికి అడ్డం ఉండకూడదు. చెయ్యి అందే చోట ఉంటే, కరెంటు పూర్తిగా ఆపి రేకుల మీద మామూలు నీళ్లు నెమ్మదిగా పోసి కడగవచ్చు. నీటిని జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. యాసిడ్ వాడితే రేకులు తినేస్తుంది. సున్నం పొడి కూడా తడి తగిలితే అల్యూమినియాన్ని తినేదే. కాబట్టి బట్టీల దగ్గరి ఊళ్లవారు ఇంకాస్త తరచుగా కడుక్కోవాలి.

నాలుగోది కొలత. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి చాలు. జ్వరం చూసేది పనికిరాదు. ఏసీని పావుగంట నడిపి, పెట్టె పైన గాలి లోపలికి పోయే చోట ఎన్ని డిగ్రీలున్నదో చూడాలి. తర్వాత కింద చల్లగాలి వచ్చే చోట చూడాలి. రెంటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీల వరకు ఉంటే గ్యాస్, కంప్రెసరు తమ పని తాము చేస్తున్నట్లే. గది చల్లబడకపోవడానికి కారణం వేరే చోట వెతకాలి. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే అప్పుడు మెకానిక్కును పిలవాలి.

రోగం ఒకటి, లక్షణం ఒకటి

గదిలోని పెట్టెలో మంచు కడితే బాగా చల్లబరుస్తున్నదని సంతోషించకూడదు. జాలీ పూడుకుపోయి గాలి ఆడకపోయినా మంచు కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఏసీని ఆపి, ఫ్యాను ఒక్కటే నడిపి మంచు కరగనివ్వాలి. జాలీ కడిగి మళ్లీ వేయాలి. అయినా మంచు కడితే గ్యాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

మామూలు స్ప్లిట్ ఏసీలో దానికి ఇంకో గుర్తు కూడా ఉంది. బయటి పెట్టెకు రెండు రాగి గొట్టాలు వచ్చి కలుస్తాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. లావు గొట్టం కలిసే చోట చల్లగా చెమట పట్టి ఉంటే మంచిదే. లావుది చల్లగా లేక, సన్నదాని మీద మాత్రం మంచు పేరుకుంటే గ్యాస్ తగ్గిందనడానికి ఆధారం ఉన్నట్లు.

గదిలో నీళ్లు కారితే అది చాలాసార్లు గ్యాస్ సంగతి కాదు. ఏసీ గాలిలోని తేమను కూడా పిండుతుంది. అసలు దీన్ని కనిపెట్టింది కూడా అందుకే. 1902లో అమెరికా ఇంజినీరు విల్లిస్ క్యారియర్, న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం పాడవుతున్నదని దాన్ని తయారుచేశాడు. ఆ పిండిన నీరు సన్నటి ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోవాలి. గొట్టంలో పాకుడు పట్టినా, కందిరీగలు గూడు పెట్టినా, గొట్టం మధ్యలో పైకి లేచినా నీరు వెనక్కు తన్ని మంచం మీద పడుతుంది. గొట్టం చివరను బకెట్ నీళ్లలో ముంచి ఉంచడం కూడా తప్పే. చివర గాలిలో వేలాడాలి.

కరెంటు ఉన్నా ఏసీ అసలు కదలకపోతే బల్లులు, ఎలుకలు, చీమల పని అయి ఉండవచ్చు. సర్క్యూట్ బోర్డు మీద బల్లి పడి చచ్చినా, ఎలుక వైరు కొరికినా అంతే సంగతులు. రిమోటు తీసుకోకుండా పెట్టె మీద దీపం మినుకుమినుకుమంటే అది ఎన్నిసార్లు వెలుగుతున్నదో, అంకె పడితే ఏమి పడుతున్నదో రాసి పెట్టుకోవాలి. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క గుర్తు ఉంటుంది. ఏసీతో ఇచ్చిన పుస్తకంలో దాని అర్థం ఉంటుంది.

రాత్రి తొమ్మిదికే ఎందుకు మొరాయిస్తుంది?

పొద్దున బాగా నడిచిన ఏసీ రాత్రి తొమ్మిది, పది గంటలకు మొరాయిస్తే గ్యాస్‌ను అనుమానించేముందు కరెంటు చూడాలి. ఇంటికి రావలసింది 230 ఓల్టులు. ఊరంతా ఒకేసారి ఏసీలు వేశాక చిన్న ట్రాన్స్‌ఫార్మరు మోయలేదు, లైను చివరి ఇళ్లకు ఓల్టేజి పడిపోతుంది. తక్కువ ఓల్టేజిలో బోరు మోటారు వైండింగ్ ఎట్లా కాలిపోతుందో రైతుకు చెప్పనక్కరలేదు. కంప్రెసరులో ఉన్నది కూడా మోటారే. అది బలవంతాన లాగుతుంది, వేడెక్కుతుంది, తనంతట తానే ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. ఇట్లా పదే పదే జరిగితే ఒకనాటికి కాలిపోతుంది. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది.

అందుకని ఓల్టేజి నిలకడగా లేని ఊళ్లలో స్టెబిలైజరు తప్పనిసరి. టన్నున్నర ఏసీకి సాధారణంగా 4 కె.వి.ఎ. స్టెబిలైజరు పెడతారు. దాని మీద అంకె కనిపించే రకం తీసుకుంటే ఓల్టేజి ఎంతున్నదో కళ్లతో చూడవచ్చు. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఏసీ వేయకూడదు. గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి మూడు నిమిషాలు ఆగాలి. ఏసీ కొన్నప్పుడు ఇంటి లోడు పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరూ పెట్టుకోకపోతే ట్రాన్స్‌ఫార్మరు మీద అసలు లోడు ఎంతో లెక్కకు రాదు, పెద్దది వేయమని అడగడానికి ఆధారమూ ఉండదు. ఓల్టేజి ఫిర్యాదులకు 1912 నంబరు ఉంది.

ఇన్వర్టరు రకం కాని ఏసీల్లో మరో చిన్న రోగం ఉంది. బయటి పెట్టెలో కంప్రెసరు 'గుయ్' మని మూలిగి టక్కున ఆగిపోతుంది, లేదా ఫ్యాను తిరగదు. ఇది చాలాసార్లు కెపాసిటరు పోవడమే. సీలింగ్ ఫ్యానులో ఉండే కండెన్సరు జాతిదే ఇది. వేడికి, ఓల్టేజి ఒడిదుడుకులకు ఉబ్బి చెడిపోతుంది. కొన్ని వందల రూపాయల సామాను. కంప్రెసరు పోయిందని ఎవరైనా అంటే, కెపాసిటరును మీటరుతో కొలిచి చూశారా అని అడగాలి.

అన్నీ బాగున్నా గది చల్లబడకపోతే

ఏసీ మీద రాసిన సామర్థ్యం బయట 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు కొలిచినది. పల్నాడు ఎండ 45 దాటిన మధ్యాహ్నం ఏ కంపెనీ ఏసీ అయినా అంత పని చేయలేదు. ఆ వేళ గది 27 దగ్గర ఆగితే మిషను చెడినట్లు కాదు. రేకుల కప్పు, పడమటి గోడ, తలుపు కింద సందు, కిటికీ పగుళ్లు ఇవన్నీ వేడిని లోపలికి తెస్తూనే ఉంటాయి. కప్పు మీద తెల్ల సున్నం కొట్టడం, పడమటి కిటికీకి తడకలు కట్టడం, సందులు మూయడం గ్యాస్ కంటే చౌక, మేలు.

రిమోటును 16కు దించితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ. మామూలు ఏసీ 24 మీద పెట్టినా 16 మీద పెట్టినా ఒకే జోరున పనిచేస్తుంది, 16 మీద మాత్రం ఆగదు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతున్నది. 2020 నుంచి స్టారు గుర్తు ఉన్న ఏసీలు వేయగానే 24 డిగ్రీల మీద మొదలయ్యేటట్లు నిబంధన తెచ్చింది కూడా అందుకే. 24, 26 మధ్య పెట్టి పైన ఫ్యాను నెమ్మదిగా వేసుకుంటే సుఖంగా నిద్ర పడుతుంది.

నిజంగానే గ్యాస్ పోతే

అప్పుడు మెకానిక్కును నాలుగు ప్రశ్నలు అడగాలి. అడగడానికి మొహమాటపడనవసరం లేదు. పని తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు.

మొదటిది: "గేజి పెట్టి చూపిస్తారా?" ఒత్తిడి కొలవకుండా గ్యాస్ తక్కువని చెప్పడం నాడి చూడకుండా మందిచ్చినట్లే.

రెండోది: "చిల్లి ఎక్కడ?" గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తుంది. నైట్రోజన్ నింపి, సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి. పంక్చరు షాపులో నీళ్లతొట్టి చేసే పనే ఇది.

మూడోది: "వాక్యూమ్ పంపు పెట్టారా?" చిల్లి పూడ్చాక గొట్టాల్లోని గాలిని, తేమను పంపుతో లాగేయాలి. దానికి కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈ పని చేయకుండా గ్యాస్ ఎక్కిస్తే లోపలి తేమ కంప్రెసరును తినేస్తుంది.

నాలుగోది: "ఏ గ్యాస్? ఎన్ని గ్రాములు?" బయటి పెట్టె మీద అతికించిన పట్టీలో గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి. పాత ఏసీల్లో ఆర్-22 ఉంటుంది. అది ఓజోను పొరకు చేటు కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని తగ్గిస్తూ వస్తున్నారు. తర్వాత ఆర్-410ఎ, ఆర్-32 వచ్చాయి. ఆర్-290 వాడే ఏసీలూ ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకొకటి పోయకూడదు. ఆర్-32 ఒత్తిడి ఆర్-22 కంటే చాలా ఎక్కువ ఉంటుంది. పట్టీలో ఉన్నంత బరువును తూచి ఎక్కించాలి.

ప్రాణం మీదికి తెచ్చేవి

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కొన్ని పొరపాట్లు అంతటితో పోవు.

ఏసీకి మెయిను బోర్డు నుంచి విడిగా లైను లాగాలి. టన్నున్నర ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి ఎం.సి.బి. ఉండాలి. పాత వైరు మీద నడిపితే ప్లగ్గు వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే వెంటనే ఆపాలి. ఎర్తు లేని ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఎర్తు లేకుండా ఏసీ పెడితే, లోపల వైరు తగిలిన రోజున బయటి ఇనప పెట్టె ముట్టుకున్నవారికి షాకు కొడుతుంది. ఎర్తు గుంటలో వేసవిలో నీళ్లు పోస్తుండాలి. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే, షాకు కొట్టే వేళ అది కరెంటును తెంచి ప్రాణం కాపాడుతుంది.

బయటి పెట్టె మూత ఇంటివారు విప్పకూడదు. కరెంటు ఆపినా కెపాసిటరులో నిలవ కరెంటు ఉండి కొడుతుంది.

ఆర్-32 కొద్దిగా మండే గుణం కలది. ఆర్-290 అంటే ప్రొపేను, అది వంటగ్యాసులాగా బాగా మండుతుంది. ఇవి ఉన్న ఏసీ దగ్గర గ్యాస్ కారుతుంటే తలుపులు తెరవాలి, బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. గొట్టాల్లో గ్యాస్ ఉండగా వెల్డింగ్ దీపం పెట్టనివ్వకూడదు. చిల్లి చూడటానికి నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ నింపడం అన్నిటికంటే ప్రమాదం. కంప్రెసరు నూనె, ఆక్సిజన్ కలిస్తే బాంబులా పేలుతుంది. సిలిండరు ఏదని అడిగి చూడటం ఇంటివారికి, మెకానిక్కుకు ఇద్దరికీ మంచిది. సన్‌షేడు మీదికి ఎక్కే కుర్రవాడికి నడుముకు తాడు కట్టించడం కూడా ఇంటివారి బాధ్యతే.

రసీదు లేనిదే రూపాయి వద్దు

మెకానిక్కులందరూ మోసగాళ్లు కారు. ఐ.టి.ఐ.ల్లో రిఫ్రిజిరేషన్, ఏసీ పని రెండేళ్ల కోర్సుగా నేర్పుతున్నారు. అట్లా నేర్చుకుని నిజాయితీగా పనిచేసేవారు ఉన్నారు. గేజి, తక్కెడ, వాక్యూమ్ పంపు లేకుండా వచ్చేవాడితోనే చిక్కు.

పిలిచేముందు గ్యారంటీ కార్డు చూసుకోవాలి. చాలా కంపెనీలు కంప్రెసరుకు అయిదు నుంచి పదేళ్ల వరకు గ్యారంటీ ఇస్తున్నాయి. కార్డు ఉండి కూడా బయటివాడి చేత విప్పిస్తే ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. పని అయ్యాక ఏమి మార్చారో, ఏ గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారో రసీదులో రాయించుకోవాలి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోవాలి. మోసం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరు మీద చెప్పవచ్చు. 2019 నాటి చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. అయితే అక్కడ మాట చెల్లదు, రసీదు కావాలి.

ఈ పనులన్నిటికీ శివరాత్రి నాటి చలి 'శివశివా' అని పోయే రోజులే అదను. అప్పుడు మెకానిక్కులకు తీరిక ఉంటుంది, తొందర ఉండదు. రోహిణి కార్తెలో పిలిస్తే అతను చెప్పిందే రోగం, అడిగిందే ధర.